మెరిసే వైపు

నా నోరు మంచిది కాదు. కరెంటు పుట్టని ఆ మూడు వారాలూ మా ప్రయోగశాలలో ఎవరినీ వదిలిపెట్టలేదు. ఉప్పు పనికిరాదన్నాను, తీగలు చెత్తవన్నాను, ఆఖరికి ఎండను కూడా తిట్టాను. అందరికన్నా ఎక్కువ తిట్లు తిన్నది మామయ్య.

మా అమ్మ తమ్ముడాయన. ఎండకు కాగి చిక్కబడిన ఉప్పునీటికీ, మంచినీటికీ మధ్య ఆయన చేత్తో పోసిన పలచటి పొర ఉంటుంది. ఉప్పు ఆ పొరను దాటుతుంటే కరెంటు పుడుతుంది. పొర ఒక వైపు మెరుస్తుంది, రెండో వైపు మసగ్గా ఉంటుంది. మెరిసే వైపు ఉప్పునీటి దిక్కుకే ఉండాలి. వేలు తగిలితే పాడైపోతుంది కాబట్టి కంటితోనే పోల్చుకోవాలి. ఇరవై ఏళ్లుగా పొర బిగించేది ఆయనే. ఇప్పుడు విభాగానికి పెద్దను నేనైనా, నాకు ఈ పని నేర్పిందీ ఆయనే.

ఆ రోజు మధ్యాహ్నం తనిఖీకి వస్తున్నారు. ఈసారీ కరెంటు రాకపోతే మా విభాగానికి తాళమే. ఉదయం మామయ్య పొరను పటకారుతో పట్టుకుని, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చట్రంలో పెట్టాడు. పక్కనుంచి చూశాను. మెరుపు మంచినీటి వైపుంది.

"మామయ్యా, మెరిసేది ఎటు?"

"ఇటేగా," అన్నాడు మసక వైపు చూపిస్తూ. నేను పటకారు అందుకునేసరికి తల దించుకున్నాడు. "కంట్లో పొర కమ్మిందే అమ్మాయీ. చెబితే ఇంటికి పొమ్మంటావని భయమేసింది. పొరలు పోసేవాడికి ఇదేం రోగమో చూడు!"

నవ్వబోయాడు, నవ్వు రాలేదు. పొర తిప్పి నేనే బిగించాను.

తనిఖీ పెద్దాయన మూడు వారాల సున్నాలు ముందేసుకుని, "ఇన్నాళ్లూ ఏమైంది?" అన్నాడు. తప్పు తీగల మీదకు నెట్టేద్దామని నోరు తెరిచాను.

"పొర తిరగేసి పెట్టానండీ," అన్నాడు మామయ్య. "పొరపాటు నాది. నాకు కళ్లు కనబడటం లేదు. ఇకనుంచి అమ్మాయే పెడుతుంది."

పెద్దాయన ఏమీ రాయలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. మీటరులో అంకెలు కదిలాయి, పెరిగాయి, నిలబడ్డాయి. అందరూ చుట్టూ మూగారు. మామయ్య అందరికన్నా ముందున్నాడు, మీటరుకు జానెడు దూరంలో.

"ఎంత వచ్చిందే అమ్మాయీ?" అన్నాడు.

మూడు వారాలు ఆ మనిషి ఎదురుగా నిలబడి అరిచాను. ఒక్కసారైనా ఆయన కళ్లలోకి చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన చెయ్యి పట్టుకుని, ఒక్కొక్క అంకే చదివి వినిపించాను.