ఎడమకు లాగే కారు

ఆ ఇంట్లో ఆయనకు తెలియని విద్య లేదు. కుళాయి కారితే ఆయనే విప్పేవాడు, ఆ తర్వాత వంటింట్లో చీలమండల దాకా నీళ్లు నిలిచేవి. అందుకే పాత కారు ఎడమకు లాగడం మొదలుపెట్టినప్పుడు మెకానిక్కు దగ్గరికి వెళ్లడం ఆయనకు నామోషీ అనిపించింది. బండి తిన్నగా పోవాలంటే స్టీరింగ్ వంకరగా పట్టుకోవాల్సి వస్తోంది కదా, దాన్నే ఊడదీసి తిన్నగా బిగించాడు.

"అలైన్‌మెంట్ అంటే ఇంతే" అని చేతులు దులుపుకున్నాడు. కంట్లో నలక పడితే కళ్లజోడు మార్చే రకం.

చక్రాలు మాత్రం వాటి వంకరలోనే ఉన్నాయి. కొన్నాళ్లకు ముందు టైర్లు లోపలి అంచున అరిగి తీగలు తేలాయి. బయటి నుంచి చూస్తే అవి కొత్తవాటిలాగే ఉన్నాయి. తప్పు ఎవరిదో ఆయన క్షణంలో తేల్చేశాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఇలాంటివాళ్లను చూసే పుట్టి ఉంటుంది.

"నువ్వు మలుపులు తిప్పే తీరే అంత. టైర్లు తినేస్తున్నావు" అంటూ భార్య చేతిలోంచి తాళం లాక్కున్నాడు. "మీ పుట్టింటి వైపు రోడ్డు కనబడితే చాలు, నీ చెయ్యి అటే లాగుతుంది."

అత్తగారు పకపకా నవ్వింది. కాకిపిల్ల కాకికి ముద్దు మరి.

కోడలు కుట్టుపని నేర్పే బడి ఊరికి ఆ చివర ఉంది. ఆ రోజు నుంచి గుడ్డల మూట ఒళ్లో పెట్టుకుని రెండు బస్సులు మారి వెళ్లేది. రోజూ ఆలస్యమవుతోందని సగం తరగతులు వేరే ఆవిడకు ఇచ్చేశారు. ఇలాగే సాగితే మిగతా సగం కూడా పోతాయని తెలుసు. అయినా తాళం అడగడానికి నోరు రాలేదు. బస్సు డ్రైవరు చేతుల వైపే చూస్తూ, నిజంగానే తన చేతిలో ఏదో వంకర ఉందేమోనని కుమిలిపోయేది.

ఆయన కొత్త టైర్లు వేయించాడు. వేసవంతా తానే నడిపాడు. వానలు మొదలయ్యాక ఒక ఆదివారం ముగ్గురూ చుట్టాలింటికి వెళ్తుంటే, తడి రోడ్డు మీద కారు సర్రున జారింది. అదృష్టం బాగుండి ఎవరికీ దెబ్బ తగల్లేదు. దారిలో కనిపించిన టైర్ల షాపు ముందు ఆపారు.

మెకానిక్కు టైరు వెనక అరచెయ్యి పెట్టి చటుక్కున లాక్కున్నాడు. వేలికి తీగ గుచ్చుకుంది.

"లోపలంతా గుండు గీసినట్టుంది సార్. బండి ఎవరు నడుపుతారు?"

ఆయన తడుముకోలేదు. "ఇంకెవరు, మా ఆవిడే."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో సిగ్గన్నది మచ్చుకైనా లేదు.

వెనక సీట్లో అత్తగారికి రోషం పొడుచుకొచ్చింది. "అదెక్కడ నడిపిందిరా! కొత్త టైర్లు వేశాక దాన్ని తాళం ముట్టుకోనిచ్చావా? అంతా మావాడే బాబూ! స్టీరింగు కూడా వాడే ఊడదీసి తిన్నగా పెట్టుకున్నాడు. మీలాంటివాళ్ల అవసరం వాడికేంటి?"

మెకానిక్కు నవ్వు దాచుకోలేదు. "కింద రాడ్డు వంగింది సార్. స్టీరింగ్ తిన్నగా పెడితే ఏం లాభం, చక్రాలకి కళ్లుంటాయా?"

ఆయన తేలు కుట్టిన దొంగలా గోడమీది టైర్ల బొమ్మను చూస్తూ నిలబడ్డాడు. "రోడ్లు అలా ఏడిశాయి" అని గొణిగాడు.

ఆయన పనికిమాలినవాడని ఆమెకు ఎప్పుడో తెలుసు. ఇలాంటివాడి మాట నమ్మి తన చేతుల్ని తానే అనుమానించినందుకు, తనమీద తనకే అసహ్యం వేసింది.

రాడ్డు మార్చి, టైర్లు మార్చి, అలైన్‌మెంట్ చేసి మెకానిక్కు తాళం ఇవ్వబోయాడు. ఆయన చెయ్యి చాచేలోగా ఆమె అందుకుని డ్రైవరు సీట్లో కూర్చుంది.

కారు గీత గీసినట్టు పోతోంది. ఆయనకు మళ్లీ ప్రాణం లేచొచ్చింది. "చూశావా? నేను అక్కడ ఆపబట్టి సరిపోయింది."

ఆమె తన బడి దగ్గరి బస్సు స్టాపు పక్కన కారు ఆపింది.

"దిగండి."

"ఇక్కడెందుకు?"

"ఇంటికి రెండు బస్సులు మారాలి. మొదటిదాంట్లో సీటు దొరకదు. రెండోది నిండితే ఆపడు."

ఆయన దిక్కుతోచక వెనక్కి తిరిగి తల్లి వైపు చూశాడు.

"మీరు కూర్చోండి అత్తయ్యా" అంది ఆమె.

అత్తగారు కొడుకు వంక చూడలేదు. "వాన పడేలా ఉంది" అంటూ తన పక్క అద్దం పైకెత్తుకుంది.