రెండూ యాభై

మా మరిది రాసిన వ్యాసంలో పదకొండో పేరాలో నేనున్నాను. పేరుతో కాదు, తప్పుగా.

“ఆరో గంటలో యంత్రం ఒకసారి తనంతట తాను ఆగి మళ్ళీ మొదలైంది. ఆ సమయంలో ఇంట్లో మిక్సీ వేయడం వల్ల కరెంటులో వచ్చిన ఒడుదుడుకే దానికి కారణం. బోర్డు లోపం కాదు” అని ఉంది అక్కడ.

మరిది పగలు ఆఫీసుకు వెళ్తాడు. మిగతా వేళల్లో కంప్యూటర్ మదర్‌బోర్డులను పరీక్షించి ఒక వెబ్‌సైట్‌కు రాస్తాడు. ప్రాసెసర్ వేగాన్ని తయారుచేసినవాళ్ళు చెప్పిన హద్దు దాటించి, మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోయి, బోర్డు ఎంతవరకు తట్టుకుంటుందో చూడడం అతని పని. ఓవర్‌క్లాకింగ్ అంటారు దాన్ని. వేగం పెంచడానికి పది నిమిషాలు చాలు. ఆ వేగంతో యంత్రం ఎనిమిది గంటలు ఆగకుండా పనిచేస్తుందో లేదో చూడడమే అసలు పరీక్ష. ఆ ఎనిమిది గంటలూ అతను ఆఫీసులో ఉంటాడు. ఇంట్లో ఉండేది నేను.

పావుగంటకోసారి పడమటి గదిలోకి వెళ్ళి, తెరమీద ప్రాసెసర్ వేడి, బోర్డులో ప్రాసెసర్‌కు కరెంటు సర్దే భాగం వేడి, గోడకున్న థర్మామీటర్‌లో గది వేడి చూసి రూళ్ళ పుస్తకంలో రాస్తాను. డిగ్రీలో ఫిజిక్స్ ల్యాబ్ రికార్డు ఎలా రాశానో అలాగే. రెండేళ్ళుగా పద్నాలుగు బోర్డులకు రాశాను. స్టవ్ మీద పాలున్నా సరే, ఒక్క పావుగంట తప్పలేదు.

శుక్రవారం నాటి పేజీలో ఇలా ఉంది: “2:50. గది 33. కరెంటు భాగం 108. తెర నల్లబడింది. దానంతటదే మళ్ళీ మొదలైంది.” మిక్సీ అన్న మాట ఆ పేజీలో ఎక్కడా లేదు.

వ్యాసం శనివారం పొద్దున వెబ్‌సైట్‌లోకి ఎక్కింది. నేను సాయంత్రం చదివాను. మరిది భోజనానికి కూర్చోగానే ఫోను తెచ్చి కంచం పక్కన పెట్టాను.

“ఏంటిది?”

“చదివావా వదినా? ఎలా ఉంది?”

“పదకొండో పేరా.”

చూశాడు. నవ్వాడు. “అబ్బ, అదా! ఏదో ఒక కారణం రాయాలిగా. లేకపోతే కింద వందమంది అడుగుతారు.”

“నేను మిక్సీ వేశానని ఎవరు చెప్పారు నీకు?”

“ఎవరైనా చెప్పాలా? ఆ టైమ్‌కి ఏ ఇంట్లోనైనా వేస్తారుగా.”

“మన మిక్సీ బుధవారం నుంచి రిపేరు షాపులో ఉంది. నువ్వే ఇచ్చొచ్చావు.”

ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్న మా ఆయన పొలమారేలా నవ్వారు. నవ్వి ఊరుకుంటే బాగుండేది. “పోనీ ఫ్రిజ్ అని మార్చెయ్‌రా, గొడవ వదిలిపోతుంది” అన్నారు.

నా ఒళ్ళు మండిపోయింది. ఏ వస్తువైనా ఫర్వాలేదు వీళ్ళకి, అది వంటింటిదైతే చాలు.

“కరెంటులో తేడా వస్తే కంప్యూటర్ పక్కనున్న యూపీఎస్ కుయ్యిమంటుంది. అనలేదు. అనుంటే రాసుండేదాన్ని” అన్నాను.

“వదినా, అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలీదూ? ఆరు గంటలు నిలబడిందా లేదా?”

“ఉడకని మెతుకు చేతికి తగిలాక కూడా గిన్నె దించేస్తావా నువ్వు? రేపు ఆదివారమేగా. నువ్వే కూర్చో. తొమ్మిదింటికి మొదలుపెట్టు. పుస్తకం నువ్వే రాయి.”

కూర్చున్నాడు. అదే వేగం, ఐదు పాయింట్ రెండు గిగాహెర్ట్జ్. ఎవరూ వేలెత్తి చూపకుండా వంటింట్లో ప్లగ్గులన్నీ పీకేశాను, ఫ్రిజ్‌తో సహా. మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్ళి చూస్తే, కంప్యూటర్ ఎదురుగా టేబుల్ ఫ్యాను తిరుగుతోంది. కిటికీకి కర్టెన్ వేసి ఉంది.

“శుక్రవారం ఇవి లేవు” అన్నాను.

“గది వేడెక్కుతోంది వదినా!”

“ఎక్కనీ. నీ వెబ్‌సైట్ చదివేవాళ్ళందరూ కర్టెన్లు వేసుకుని, ఎదురుగా ఫ్యాను పెట్టుకుని కూర్చుంటారా?”

ఫ్యాను తీసుకొచ్చేశాను. కర్టెన్ అతనే తీశాడు. రెండు దాటాక ఎండ కిటికీలోంచి దిగి బల్లమీద పరుచుకుంది. కరెంటు భాగం వేడి తొంభై ఐదు, వంద, నూటనాలుగు. రెండూ ముప్పై ఐదుకు తెర నల్లబడింది. ఈసారి పదిహేను నిమిషాలు ముందే.

యూపీఎస్ కిక్కురుమనలేదు. మరిది కిటికీ వైపు చూశాడు.

“ఎండ ఇటు తిరిగింది వదినా. అందుకే” అన్నాడు.

“రోజూ తిరుగుతుంది.”

అప్పుడే తలుపు చప్పుడైంది. పై అంతస్తు అమ్మాయి. ఇంట్లోనే వీడియోలు ఎడిట్ చేసి ఇస్తుంది. ఆ అమ్మాయి దగ్గరున్నదీ ఇదే బోర్డు, ఇదే ప్రాసెసర్. మరిది రాసింది చూసి నిన్న పొద్దున్నే తన యంత్రానికి అదే వేగం పెట్టుకుందట.

“అన్నా, ఒక్కసారి చూస్తారా? నిన్నా ఇవాళా మధ్యాహ్నం పనిలో ఉండగానే ఆగిపోయింది. నిన్న మూడు గంటల పని పోయింది. నేనే ఏదో తప్పు నొక్కినట్టున్నాను. మా నాన్న అదే అంటున్నాడు, నీకు తెలీనివి ఎందుకు ముట్టుకుంటావు అని.”

మరిది నా వైపు చూశాడు. “వదినా, నువ్వు చెప్పవా?” అన్నాడు మెల్లగా.

“నాకేం తెలుసు? పరీక్ష చేసింది నువ్వు.”

అతను కుర్చీలోంచి లేచాడు. “నువ్వేం తప్పు చేయలేదమ్మా. నేనే తప్పు రాశాను. ఆ వేగానికి ఈ బోర్డు నిలబడదు, మధ్యాహ్నం వేడికి ఆగిపోతుంది. ఇప్పుడే వెళ్ళి మామూలు వేగానికి మార్చేసుకో.”

“మరి అందులో మిక్సీ వల్ల అని రాశారుగా? మా ఇంట్లో మిక్సీ కూడా వేయలేదే అనుకున్నా.”

“అదీ అబద్ధమే.”

ఆ అమ్మాయి అతని వంక, నా వంక చూసి మెట్లెక్కి వెళ్ళిపోయింది. పోయిన మూడు గంటల పని సంగతి నేనూ అడగలేకపోయాను.

సవరణ రాయడానికి మరిది అప్పుడే కూర్చున్నాడు. చివర “ఓపికగా సహకరించిన మా వదినకు కృతజ్ఞతలు” అని టైపు చేశాడు. నేను చేసింది ఓపిక పట్టడం కాదు, కొలతలు తీయడం. అది తీయించాను. “వేడి కొలతలన్నీ తీసి రాసింది మా వదిన. ఆమె రాసింది నేను మార్చాను” అని రాయించాను.

“మరీ ఇంతలా రాయాలా వదినా?”

“పదకొండో పేరా ఎంత తేలిగ్గా రాశావో, ఇదీ అంత తేలిగ్గా రాయి.”

టైపు చేశాడు. ఆ తర్వాత చేయి చాచాడు. “శుక్రవారం పేజీ ఫోటో తీసి పెడతాను. పుస్తకం ఇటివ్వు.”

“ఆగు.”

పెన్ను తీసుకుని ఆ పేజీ కింద సంతకం పెట్టాను. దాని ముందు పేజీ కిందా, దాని ముందు పేజీ కిందా. పద్నాలుగు బోర్డుల పేజీలు. అన్నిటికీ పూర్తి పేరుతో, తొందరేమీ లేకుండా. మరిది చేయి చాచుకుని అలాగే నిలబడ్డాడు.