పుల్ల మీద గీత

“రింగులు పోయాయట, బావా!”

వీధిలోంచి బావమరిది వేసిన కేకకి ముందు ఉలిక్కిపడింది బావ కాదు, అక్క. పెరట్లో గిన్నెలు తోముతున్న ఆవిడ మసి చేతులతోనే రెండు చెవులూ తడుముకుని, “నావి ఉన్నాయిరా, ఎవరివి పోయాయి?” అంది.

“నీ చెవులవి కాదే అక్కా, నా పడవవి! ఇంజన్‌లో పిస్టన్ రింగులు.”

“ఓస్, అంతేనా!” అని ఆవిడ మళ్లీ గిన్నెల్లో పడింది. చెవులకి మాత్రం మసి కమ్మలు రెండు మిగిలాయి.

బావ అద్దం ముందు ఉన్నాడు. సగం గడ్డం గీశాడు, సగం నురగలో ఉంది. తొందరపడలేదు. ముప్ఫై నాలుగేళ్లుగా పడవల ఇంజన్లు బాగుచేస్తున్న ఆ మనిషిని రేవులో ‘విప్పడు’ అంటారు. నోరు విప్పడు, ఇంజన్ విప్పడు. మిగతా మెకానిక్కులు ముందు విప్పి, తర్వాత ఆలోచిస్తారు. ఈయన ఆలోచించడం పూర్తయ్యేసరికి చాలాసార్లు విప్పాల్సిన పనే ఉండదు. అందుకే ఆయన పనిచేసినట్టు ఎవరికీ కనపడలేదు. పైమెట్టు ఎక్కించాలని ఏ యజమానికీ తోచలేదు.

బావమరిది పడవ ఏటికి అడ్డంగా జనాన్ని దాటిస్తుంది. మూడు నెలలుగా దాని ఇంజన్ రోజుకో లీటరు నూనె మింగి నీలిపొగ కక్కుతోంది. రింగులు అరిగాయని వర్క్‌షాపువాళ్లు తేల్చారు. రేపు పొద్దున్నే క్రేనుతో ఇంజన్ పైకి లేపుతారు. నెల్లాళ్లు పడుతుంది. ఈలోగా రేవు కాస్తా పక్క పడవవాడిదైపోతుంది. జనం ఒకసారి పడవ మారితే మళ్లీ వెనక్కి రారు.

“తాగుబోతుతో కాపురం అయింది బావా నా పని. పొద్దున్నే పోస్తే గానీ కదలదు.”

బావ మిగతా సగం గడ్డం కూడా గీసుకుని బయల్దేరాడు.

పడవలో దిగి మోకాళ్ల మీద కూర్చున్నాడు. భుజం మీది తెల్లగుడ్డతో ఇంజన్ అడుగంతా తుడిచాడు. గుడ్డ తెల్లగానే వచ్చింది. అంటే ఎక్కడా కారడం లేదు. ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లలో వేలు ముంచి రుద్ది చూశాడు. జిడ్డు లేదు. నిండా జనంతో, ఎదురుగాలికి ఏరు దాటించి వెనక్కి తెమ్మన్నాడు.

“లాగుడు తగ్గిందా?”

“అబ్బే, గుర్రమే బావా!”

“రింగులు పోతే గుర్రం గాడిదవ్వాలి,” అన్నాడు బావ.

తర్వాత ఇంజన్ ఊపిరి వదిలే గొట్టం ఊడదీశాడు. లోపల చిక్కటి నూనె. ఆ గొట్టం కొస గాలి పీల్చే మూతికే తగిలి ఉంటుంది. అంటే ఇంజన్ నూనె కక్కి, కక్కినదాన్నే పీల్చి కాలుస్తోంది. ఎక్కువైతేనే కదా ఎవరైనా కక్కేది!

బావమరిది టీ తెచ్చి ఇంజన్ మీద పెట్టాడు. బావ తాగలేదు, గ్లాసు కేసే చూస్తూ కూర్చున్నాడు. గ్లాసులో టీ వెనకవైపు అంచు దాకా ఉంది, ముందువైపు వేలెడు కిందికి ఉంది.

“ముందువైపు ఎప్పుడు ఎత్తావు దీన్ని?”

“మూడు నెలల కింద. నీళ్లలో తిరిగే పంకా పెద్దది వేసినప్పుడు, ఇరుసు వాలుకి సరిపోవాలని కింద దిమ్మలు పెట్టాం.”

“నూనె కొలిచే పుల్ల ఎటువైపుంది?”

“ముందు… వైపే.” బావమరిది నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

నూనంతా వెనక్కి జారిపోయేది. ముందున్న పుల్లకి ఎప్పుడూ తక్కువే అందేది. పుల్ల మీది నిండు గీత దాకా రావాలని ఇతను రోజూ పోసేవాడు. ఎక్కువైంది ఇంజన్ రోజూ కక్కేసేది.

“తాగుబోతు కాదురా పాపం. కడుపు నిండినవాడికి నువ్వే కొసరి కొసరి వడ్డిస్తున్నావు.”

“మరి వర్క్‌షాపువాళ్లూ పుల్ల చూశారుగా!”

“పుల్ల చూశారు. వాలు చూడలేదు.”

పాత నూనె మొత్తం దింపించాడు. ఇంజన్ పుస్తకంలో రాసినట్టు కొలిచి పదకొండు లీటర్లు పోయించి, సర్దుకునేదాకా ఆగి పుల్ల ముంచాడు. తడి పాత గీతకి రెండు వేళ్ల కింద ఆగింది. సరిగ్గా అక్కడ చిన్న ఆకురాయితో అడ్డంగా గీశాడు. సాయంత్రం దాకా పడవ ఆరుసార్లు ఏరు దాటింది. పొగ సన్నగిల్లి, సన్నగిల్లి, ఇక లేదు. పుల్ల తీసి చూస్తే తడి తను గీసిన కొత్త గీత మీదే ఉంది.

“క్రేను వద్దని చెప్పు,” అని బావ గట్టెక్కాడు.

ఇంటికొచ్చి వాకిట్లో కుర్చీలో కూలబడి, “రింగులు బాగానే ఉన్నాయి,” అన్నాడు భార్యతో. ఆవిడ నవ్వుతూ మంచినీళ్లకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఒక చెప్పు పక్కన ఉంది, రెండోది కాలికే ఉంది. తల భుజం మీదికి వాలి ఉంది. ఆవిడ పిలిచింది. మళ్లీ పిలిచింది.

మర్నాడు క్రేను రాలేదు. పడవా నడవలేదు; ఇంజన్ తప్పేమీ లేదు, బావమరిది బావ పాడె పట్టాడు.

మూడో రోజు పొద్దున్న బావమరిది అలవాటుగా నూనె డబ్బా పట్టుకుని పడవలో దిగాడు. పుల్ల లాగి, తుడిచి, ముంచి, పైకి తీశాడు. డబ్బా కింద పెట్టేశాడు. అవతలి ఒడ్డు నుంచి జనం కేకలేస్తున్నారు. అతని చేతిలో పుల్ల, దాని మీద గోరంత గీత. చెక్కిన చోట ఇనుము ఇంకా మెరుస్తోంది.