తిరిగి రావడానికో కారణం

బట్టలు కుట్టేవాళ్ళలో మాట మీద నిలబడేవాళ్ళు అరుదు. శుక్రవారం ఇస్తామంటారు. శుక్రవారం వెళ్తే కాజాలు మిగిలాయంటారు, మర్నాడు వెళ్తే మిషను మొరాయించిందంటారు. మన టైలరమ్మ ఆ కోవకు చెందదు. పుస్తకంలో ఆమె తేదీ వేసిందంటే ఆ రోజుకు బట్టలు ఇస్త్రీ అయి మరీ మేకుకు వేలాడుతుంటాయి. ఆ మంచి బుద్ధే ఒకరోజు ఆమె కొంప ముంచింది.

పెళ్ళయి నాలుగేళ్ళు కావస్తోంది. అందులో మొగుడూ పెళ్ళాలు ఒక్క చూరు కింద ఉన్నది పద్నాలుగు నెలలు. ఆయన లిఫ్టుల మెకానిక్. వేరే దేశంలో ఒక కంపెనీ పిలిస్తే వెళ్ళాడు. వెళ్ళిన నెలకే భార్యను తెచ్చుకోవడానికి దరఖాస్తు పెట్టాడు. ఆరు నెలల్లో అయిపోతుందన్నారు. ఆ ఆరు నెలలు నిండకముందే మహమ్మారి వచ్చిపడింది. ఆఫీసులు మూతపడ్డాయి, విమానాలు ఆగిపోయాయి. ఆ కాగితం ఏ బీరువాలో పడి ఉందో చెప్పే నాథుడు లేడు. వెబ్‌సైటు తెరిస్తే ఎప్పుడూ ఒకటే ముక్క, పరిశీలనలో ఉంది అని. పరిశీలించేవాడు నిద్రపోయినా ఇంతసేపు పోడు కదా అనుకునేది ఆమె.

ఫోనును దారపు ఉండలకు ఆనించి పెట్టి, అక్కడ ఆయన అన్నం తింటుంటే ఇక్కడ ఆమె కాలర్లు కుట్టేది. రోజూ మాట్లాడుకోవడానికి ఏముంటుంది? ఒక్కోసారి అరగంట ఇద్దరూ నోరు విప్పేవారు కాదు. మిషను చప్పుడు ఆగితే మాత్రం ఆయన తల ఎత్తేవాడు.

"ఆపేశావేం?"

"బాబిన్లో దారం అయిపోయిందండీ."

"ఎక్కించు. వింటూ ఉంటాను."

ఆయన ముఖం రోజూ చూస్తూనే ఉంది. ఆయన చొక్కా కొలతలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. కానీ పక్కన నిలబడితే తన తల ఆయన భుజం దాకా వచ్చేదా, గడ్డం దాకా వచ్చేదా అన్నది ఒక మధ్యాహ్నం ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. కత్తెర పక్కన పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

విమానాలు మళ్ళీ మొదలయ్యాక ఆయనే ఒక దారి వెతికాడు.

"విజిటర్ వీసా అడుగుదాం. ముప్పై రోజులు ఇస్తారు. ఆ దరఖాస్తు గొడవ తర్వాత చూద్దాం, ముందు నువ్వు రా."

ఆ మాటతో ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. ఎవరి బట్టలూ మధ్యలో వదిలి వెళ్ళకూడదని రెండు నెలలు ఊపిరి సలపకుండా కుట్టి, చేతిలో ఉన్నవన్నీ ఇచ్చేసింది. కొత్తవి తీసుకోలేదు. బడి పిల్లల యూనిఫాంల కోసం టీచరమ్మ వస్తే వెనక్కి పంపింది.

"ఎప్పుడొస్తానో తెలియకుండా తేదీ ఎలా వేయను టీచరమ్మా? వచ్చాక చూద్దాం."

ఇంటర్వ్యూ రోజున, తనకంటూ ఒక పని ఉందని చూపించడానికి ఆర్డర్ల పుస్తకం పట్టుకెళ్ళింది. అద్దం అవతల మాస్కు పెట్టుకున్న అధికారి ఒక్కో పేజీ తిప్పాడు.

"అన్నీ ఇచ్చేసినట్టున్నారే?"

"ఒక్కటీ మిగల్చలేదండీ." ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

"మరి తిరిగొచ్చాక కుట్టాల్సినవి?"

"ఏమీ లేవండీ."

"మీ ఆయన అక్కడే ఉన్నారు. మిమ్మల్ని అక్కడే ఉంచుకుంటానని దరఖాస్తు కూడా పెట్టారు. ఇక్కడికి తిరిగి రావడానికి మీకు కారణమేముంది?"

 వీసా లేదంటూ అధికారి ఆమె పాస్‌పోర్టు వెనక్కి తోసేశాడు.

ఆ సాయంత్రం సంగతి విని ఆమె మొగుడు పగలబడి నవ్వాడు.

"మీ వీధి చివర టైలరుకైతే చిటికెలో వీసా ఇచ్చేసేవాడు. పెళ్ళికి ముందు కుట్టమని ఇచ్చిన నా ప్యాంటు ఇంకా వాడి దగ్గరే ఉంది." నవ్వుతూ నవ్వుతూనే అరచేత్తో ముఖం కప్పుకున్నాడు. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

పక్కింటి పిన్ని ఒక సలహా చెప్పింది.

"నాలుగు దొంగ పేర్లు రాసి తేదీలు వేసెయ్యవే అమ్మాయ్. వాళ్ళొచ్చి చూస్తారా ఏంటి?"

ఆమెకు చెయ్యి రాలేదు. టీచరమ్మ ఇంటికి వెళ్ళి యూనిఫాంలు తనే అడిగి తెచ్చుకుంది. ఆసుపత్రి వాళ్ళ గౌన్లు, ఒక హాలుకు తెరలు, ఇద్దరు కవలలకు కోట్లు, అన్నీ కలిపి నలభై ఒక్క ఆర్డర్లు. అన్నిటికీ, ఎంత ఆలస్యమైనా తను తిరిగొచ్చాక ఇచ్చేలా, బాగా దూరంగా తేదీలు వేసింది. మొగుణ్ణి చూడాలంటే, మొగుణ్ణి వదిలి రావడానికి నలభై ఒక్క కారణాలు పోగేసుకోవాల్సి వచ్చింది. ఎవరు పెట్టారో గానీ ఆ రూలు, వాళ్ళకు పెళ్ళయి ఉండదు.

వీసాకు మళ్ళీ పెట్టుకుంటే అయిదు నెలలకు పిలుపు వచ్చింది. ఈసారి అద్దం అవతల ఒకావిడ ఉంది. పుస్తకం చూసి నోరెళ్ళబెట్టింది.

"ఇంత పని పెట్టుకుని ఎలా వెళ్తున్నారండీ?" అంటూనే ముద్ర వేసేసింది.

అక్కడ దిగగానే తిన్నగా హోటలు గదికి తీసుకెళ్ళారు. క్వారంటైనట, పద్నాలుగు రోజులు తలుపు దాటకూడదు. ముప్పైలోంచి పద్నాలుగు అక్కడే పోయాయి. ఆయన రోజూ భోజనం వేళకు నీలం యూనిఫాంలో, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని ఎదురు పేవ్‌మెంటు మీద నిలబడేవాడు. అయిదో అంతస్తు కిటికీలో ఆమె. ఇద్దరి చెవుల దగ్గరా ఫోన్లు. అంత పైనుంచి చూస్తే ఆయన పొడుగో పొట్టో ఇప్పుడు కూడా తెలియడం లేదు.

"ఈ హోటలు లిఫ్టు చూసేది నేనే, తెలుసా? మీ అంతస్తుకి పద్దెనిమిది సెకన్లు."

"అయితే వచ్చెయ్యండి."

"వస్తే నీ వీసా పోతుంది, నా ఉద్యోగం పోతుంది."

ఆ సంగతి ఆమెకు తెలియక కాదు.

తొమ్మిదో రోజున ఆయన భుజాన ఉన్న సంచీ తీసి కింద పెట్టాడు. తర్వాత ఉన్నట్టుండి అన్నాడు.

"ఉండిపో."

 ఆమె కిటికీ చట్రం పట్టుకుంది.

"బడి తెరిచే రోజుకి ఆ పిల్లలకు యూనిఫాంలు కావాలండీ. తేదీ నా చేత్తో నేనే వేశాను. అందరికీ నేనే వేశాను."

"తెలుసు. నువ్వు ఉండవనీ తెలుసు." ఆయన ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. "ఇన్నేళ్ళూ నిన్ను ఫారాల్లోనే అడిగాను. ఆఫీసు వాళ్ళనే అడిగాను. నోరు తెరిచి ఉండిపొమ్మని నిన్ను ఒక్కసారి కూడా అడగలేదు. అందుకని అడిగాను, అంతే."

కింద రోడ్డు మీద ఒక బస్సు ఆగి ఆయన్ను కప్పేసింది. అది కదిలి వెళ్ళేదాకా ఆమె ఊపిరి బిగబట్టుకుంది. ఆయన అక్కడే ఉన్నాడు, తల పైకెత్తి.

"మళ్ళీ అడగండి," అంది.

ఆయన అడిగాడు. భోజనం వేళ అయిపోయేదాకా అడుగుతూనే ఉన్నాడు.