సేనాని పడిన తీరు

మార్చి పదకొండో తారీకు. ఆ మధ్యాహ్నం హాలు గోడకు చేరగిలబడి అందరం రొట్టె, ఉడికించిన గుడ్లు తిన్నాం. చెల్లి తన గుడ్డులో పచ్చసొన తీసి నా రొట్టె మీద పెట్టింది.

"కడుపు బరువుగా ఉంటే పడలేను బాబాయ్," అంది.

పడటమే ఆమె పని. ఆమె అక్క పనీ అదే. అందుకే మాకందరికీ వాళ్ళు అక్క, చెల్లి.

ఇది వినడానికి నా ముందు చదువుకునే పిల్లలు, షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు కలిసి కూర్చున్నారు గనక ముందు ఆ పని ఏమిటో చెప్పాలి. మీరు ఆడే వీడియో గేముల్లో కత్తి దూసే బొమ్మ, గోడ దూకే బొమ్మ తనంతట తాను కదలదు. ఎక్కడో ఒక మనిషి కదిలితేనే అది కదులుతుంది. మా హాలు చుట్టూ కెమెరాలు. మధ్యలో బిగుతైన నల్ల దుస్తుల మీద తెల్లపూసలు అంటించుకున్న మనుషులు. ఆ కెమెరాలకు మనిషి కనబడదు, పూసలే కనబడతాయి. వాటి మీద కంప్యూటరు బొమ్మను తొడుగుతుంది. ఇక్కడ మనిషి చెయ్యెత్తితే తెర మీద బొమ్మ చెయ్యెత్తుతుంది. నాది శబ్దాల పని. అద్దాల గదిలో కూర్చుని వాళ్ళ ఊపిరి, అరుపులు, అడుగుల చప్పుడు రికార్డు చేసేవాణ్ణి. నా భార్య పోయాక ఇంట్లో వినడానికేమీ లేక పని అయిపోయినా అక్కడే ఉండిపోయేవాణ్ణి.

ఆ ఆటలో ఇద్దరు సేనానులు. మగ సేనానికి మెడ నుంచి మడమ దాకా ఇనుము. ఆడ సేనానికి ఛాతీ మీద రెండు రేకులు, నడుముకో పట్టీ, ఎత్తు మడమల బూట్లు. మగ సేనానిగా పడేవాణ్ణి బండోడు అనేవాళ్ళం.

"ఈవిడ వంతొచ్చేసరికి కొలిమి ఆరిపోయినట్టుంది," అనేవాడు వాడు. నవ్వుకునేవాళ్ళం.

బండోడు చచ్చేటప్పుడు బస్తాలా కూలితే సరిపోయేది. ఆడ సేనాని అలా చావకూడదు. నడుం విల్లులా వంచి, ఛాతీ పైకెత్తి, నోరు కాస్త తెరిచి మూలగాలి. ఆ మడమల మీద నుంచి చేతులు నేలకు ఆనించకుండా వెనక్కి పడాలి. ఆ మధ్యాహ్నం డైరెక్టరు చెల్లిని పదే పదే అలా పడేయించాడు.

"ఇంకా వంగు. చూసేవాడికి నచ్చాలి."

"ఒక్కసారి చెయ్యి ఆనించుకుంటా సార్. నడుం పట్టేసింది."

"చెయ్యి అడ్డొస్తే ఏం కనబడుద్ది? మళ్ళీ పడు."

చెల్లి పడింది. నా హెడ్‌ఫోన్లలో ఎండుకొమ్మ విరిగినట్టు వినిపించింది. ఆ వెంటనే అరుపు. అది సేనాని అరుపు కాదు. చెల్లిది.

డైరెక్టరు తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "ఇదీ చావంటే. దీన్ని ఉంచండి," అన్నాడు.

అక్క పరుగెత్తుకెళ్ళి తల ఒళ్ళో పెట్టుకుంది. చెల్లి కాళ్ళు కదలడం లేదు. అంబులెన్సులో వచ్చిన నర్సు ఎవరూ అడక్కుండానే తన కోటు విప్పి, ఆ బిగుతు దుస్తుల మీద మెడ దాకా కప్పింది. చాలా రాత్రులు ఆ కోటును తలుచుకునే నిద్రపోయాను.

వసంతం వెళ్ళేసరికి ఆట ప్రకటన బయటికొచ్చింది. అందులో సేనాని చావు అదే. అరుపూ నేను పట్టినదే. సాగదీసి మూలుగు చేశారు. ఆస్పత్రి మంచం మీద చెల్లి దాన్ని పక్క మంచం ఆవిడ ఫోన్లో చూసింది. కింద మగవాళ్ళు రాసిన మాటలు చదివింది. కొందరు ఆ ముక్కను మాత్రమే కత్తిరించి తిప్పి తిప్పి చూస్తున్నారట.

"అక్కా, రేపు ఆట అమ్మకానికొస్తే ఊరూరా నా నడుం రోజూ విరగ్గొడతారు కదే," అంది. "దాన్ని తీయించు. ఇంకేమీ అడగను."

అక్క మా అందర్నీ బట్టలు మార్చుకునే గదిలో కూర్చోబెట్టింది. మనుషుల్ని సప్లై చేసే కాంట్రాక్టరు పిలవకుండానే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"బొమ్మ బట్టల గురించి మీకు గొడవేంటమ్మా? ఇప్పేది బొమ్మ, మీరు కాదుగా."

"ఇరిగింది బొమ్మ నడుమా?" అంది అక్క.

"మందు ఇప్పించాంగా."

"ఆ చావు తీసెయ్యండి. ఇక ఎవరం ఆ మడమల మీద పడం. మనిషి పడినట్టే పడతాం. మాకు కావాల్సింది అంతే."

వెనక నుంచి కొత్తగా చేరిన పిల్ల గొణిగింది. "అంతే అంటే ఎట్టా అక్కా? మనం మానేస్తే ఇంకోళ్ళు పడతారు. గేటు బయట ఎంతమందున్నారో చూశావా?"

"చూశా. రేపు వాళ్ళలో ఒకత్తి నడుం పోద్ది. అప్పుడు నువ్వొచ్చి నాతో ఇదే మాటంటావు."

బండోడు లేచాడు. "ఇన్నేళ్ళు చచ్చాను. ఒక్కడూ నన్ను వంగమనలేదు. ఆడదాని చావులోనూ వీళ్ళకి పడగ్గదే కావాలి. నేనూ పడను."

బొమ్మలు గీసేవాళ్ళు పై అంతస్తులో ఉంటారు. వాళ్ళనూ రమ్మన్నాం. ఒక్కతే వచ్చింది, మేము కళ్ళజోడు అని పిలిచే అమ్మాయి. సేనానిని గీసింది ఆమే.

"నేను నిండు కవచమే గీశాను," అంది తల దించుకుని. "పంపిన ప్రతిసారీ ఇంకొంచెం ఇప్పమని తిప్పి పంపారు. చివరికి మిగిలింది అది. కానీ మావాళ్ళు రారు. పడటం మీ పని, గీయడం మా పని అంటున్నారు."

"అననియ్యి," అంది అక్క.

మా హాల్లో ఒక పద్ధతి ఉంది. పని మొదలుపెట్టే ముందు పూసలు కట్టుకున్నవాళ్ళు చేతులు బారజాపి కాసేపు కదలకుండా నిలబడాలి. ఎవరు ఏ బొమ్మో యంత్రం అలా గుర్తుపడుతుంది. మర్నాడు పొద్దున అందరూ అలాగే నిలబడ్డారు. డైరెక్టరు "కానివ్వండి" అన్నాడు. ఎవరూ కదలలేదు. అరిచాడు. కదలలేదు. చేతులు వణుకుతుంటే వంతులవారీగా కూర్చుంటున్నారు, లేచి మళ్ళీ చాపుతున్నారు. ఊడ్చే పిన్ని ఒక్కొక్కరి నోటికీ నీళ్ళు అందించింది. యజమాని వచ్చి తీయగా మాట్లాడి చూశాడు, తర్వాత బూతులు తిట్టాడు.

పొద్దు వాలుతుండగా సెక్యూరిటీ వాళ్ళు దిగారు. వాళ్ళ పెద్దను అందరూ గొళ్లెం అంటారు. గొళ్లెం ముందు గోడ మీది కాపలా కెమెరాలు ఆపించాడు. తర్వాత హాలు మెయిన్ స్విచ్చి కట్టేశాడు. దీపాలూ, పెద్ద తెరా ఆరిపోయాయి. చీకట్లో ఎవరు ఎవర్ని కొట్టారో సాక్ష్యం ఉండదని వాడి లెక్క.

మా కెమెరాలకు వెలుతురు అక్కర్లేదని వాడికి తెలీదు. పూసలు వాటికి చీకట్లోనూ కనబడతాయి. వాటికీ, నా గదికీ, పై అంతస్తుకూ కరెంటు లైను వేరు.

చెల్లి పడ్డాక ఆడ సేనాని పూసలు అక్కే కట్టుకుంటోంది. నా ముందున్న చిన్న తెర మీద సేనాని చేతులు చాపి నిలబడి ఉంది. ఎదుట ఎవరూ లేరు. ఉన్నట్టుండి ఆమె తల పక్కకు విసిరేసినట్టు తిరిగింది. మోకాలు లోపలికి మడతపడింది. కొడుతున్నవాడికి పూసలు లేవు. వాడు కనబడడు. శూన్యం ఆమెను కొడుతోంది.

సేనాని నడుం విల్లులా వంగలేదు. ముడుచుకుపోయింది. మోకాళ్ళు కడుపులోకి లాక్కుని, రెండు చేతులతో తల కప్పుకుంది. ఆ చేతుల్లో ఒకటి మణికట్టు దగ్గర ఉండకూడని వైపు తిరిగింది. ఛాతీ మీద ఆ రేకులు, కాళ్ళకు ఆ బూట్లు అలాగే ఉన్నాయి. నేలమీద పాకుతున్న ఆ ఒంటి మీద అవి చూడటానికి సిగ్గేసింది.

పై అంతస్తు స్పీకర్ల మీట పూర్తిగా పైకి నెట్టాను.

వాళ్ళ తెరల మీదా ఇదే నడుస్తోంది. ఇప్పుడు శబ్దం కూడా వెళ్ళింది. ఎముక మీద లాఠీ పడితే ఒకలా ఉంటుంది, కండ మీద ఇంకోలా. వాటి మధ్య ఒక లాఠీ చప్పుడు మాత్రం మెత్తగా ఉంది. ఎవడో కాపలావాడు మనుషుల్ని వదిలేసి, మేం పడటానికి నేల మీద పరిచే పరుపును బాదుతున్నాడు. ఆ మనిషెవరో నాకిప్పటికీ తెలీదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

గొళ్లెం నా గది అద్దం పగలగొట్టాడు. "ముసలాడా, ఏం నొక్కావ్?" అని వేళ్ళ మీద కొట్టాడు. రెండోసారి లాఠీ ఎత్తేలోగా మెట్ల మీద అడుగుల చప్పుడు.

పై అంతస్తు దిగివస్తోంది. ఫోన్ల వెలుగు ముందు, మనుషులు వెనక. కళ్ళజోడు చేతిలో కుర్చీ ఉంది. దాన్ని గొళ్లెం వీపు మీద పడేసింది. వెలుగులో చూస్తే పరుపుల మీద నెత్తురు. బండోడి పళ్ళు ఊడి అరచేతిలో ఉన్నాయి. ఆ చేత్తోనే ఒక కాపలావాడి గొంతు పట్టుకున్నాడు. కొత్త పిల్ల లాఠీ లాక్కుంది, కొట్టడం రాక రెండు చేతులా గిరగిరా తిప్పింది. గీసేవాళ్ళకు కొట్లాట తెలీదు. దెబ్బలు తిన్నారు, పడ్డారు, లేచారు. కానీ చాలామంది ఉన్నారు. సెక్యూరిటీ వాళ్ళను గేటు దాకా నెట్టుకుంటూ పోయారు.

యజమాని పోలీసులను వెంటబెట్టుకుని వచ్చాడు. కరెంటు వచ్చింది. పెద్ద తెర మీద సేనాని ముడుచుకుపడి ఉంది, కింద అక్క అలాగే పడి ఉన్నట్టు. యజమాని కాసేపు తెర వంకే చూశాడు.

"చీకట్లో జరిగిందంతా పట్టిందా ఇది?" అని కళ్ళజోడును అడిగాడు. "ఎంత సహజంగా ఉందో. దీన్నీ వాడుకుందాం."

అప్పటిదాకా వెనకాల నిలబడ్డ గీతగాళ్ళు కూడా ఒక అడుగు ముందుకు జరిగారు.

"మీరే బొమ్మకు అతికించుకోండి సార్, చేతులున్నాయిగా," అంది కళ్ళజోడు. ఆమె కళ్ళద్దాల్లో ఒకటి పగిలి, ఒక కన్నే కనబడుతోంది. "ఇంకోటి. చెల్లి చావును ఆటలోంచి తీసేసే కిందికొచ్చాం. ఇప్పుడు సేనానికి దెబ్బ తగిలితే ఎలా పడాలో తెలీదు. చేతులు చాపి అలాగే నిలబడుద్ది."

యజమాని వేలు అక్క వైపు చూపించాడు. ఆస్తి నష్టం, దాడి అన్నారు పోలీసులు. విరిగిన మణికట్టుకు బేడీ పట్టకపోతే రెండో చేతికి వేశారు. అక్క ఎవరి సాయం లేకుండా లేచింది.

"చెల్లికి ఫోన్ చెయ్యండి," అంది. "తీయించానని చెప్పండి. మళ్ళీ పెట్టకుండా చూడటం మీ వంతు."

అక్కను ఎక్కించుకుని వ్యాను వెళ్ళిపోయింది, వెనకే యజమాని కారూ. యజమాని దగ్గర తీసేసినదాని నకలు ఉంది. ఆ చావును తిరిగి అతికించడానికి ఆయనకు గీసే చేతులు కావాలి. కొత్త చావు కావాలన్నా పడే మనుషులు కావాలి.

"ఇళ్ళకు పోయేవాళ్ళు పొండి," అన్నాడు బండోడు, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని. "పొద్దున్నే ఒక్కొక్కర్నీ విడివిడిగా పిలిచి లొంగదీస్తారు. అది మాత్రం గుర్తుంచుకోండి."

ఎవరూ పోలేదు. నెత్తురు లేని పరుపులు ఏరి గాయపడ్డవాళ్ళను వాటి మీద పడుకోబెట్టారు. కళ్ళజోడు తన చున్నీ చింపి నా వేళ్ళకు కట్టింది. కొత్త పిల్ల ఆస్పత్రికి ఫోన్ చేసి మెల్లగా మాట్లాడుతోంది. గీసేవాళ్ళు, పడేవాళ్ళు ఒకరి పక్కన ఒకరు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు.

ఊడ్చే పిన్ని గుమ్మంలో గాజుపెంకులు ఒక పక్కకు ఊడ్చి, చీపురు మూల పెట్టింది. బయట మిగిలినవాళ్ళెవరైనా ఉన్నారేమోనని ఒకసారి తొంగి చూసింది. తర్వాత చప్పుడు కాకుండా తలుపు వేసి, లోపల నుంచి గడియ పెట్టింది.