ఆరుండాల్సిన చోట ఏడు

టికెట్ మీద చివరి అంకె మారిపోయింది.

రైఖాన్ మెట్రో మెట్ల మధ్యలోనే నిలబడిపోయింది. వెనక వస్తున్న జనం ఆమె దగ్గర రెండు పాయలుగా చీలి, పై మెట్టు మీద మళ్లీ కలిసిపోతున్నారు. ఒకరి సంచి మోకాలికి తగిలింది. ఇంకెవరో "అక్కా, కాస్త పక్కకి" అన్నారు. ఆమె కదల్లేదు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూసింది. బూడిదరంగు పలచటి కాగితం, ఎర్ర అచ్చు. ఐదు, సున్నా, ఏడు. నాలుగు, రెండు, ఏడు.

ఆ చివరిది ఆరు కావాలి.

మొదటి మూడంకెలు కలిపితే పన్నెండు, చివరిది ఆరైతే చివరి మూడు కలిపినా పన్నెండు. అలా రెండు వైపులా సరితూగితే అది అదృష్టపు టికెట్. ఒక కోరిక కోరుకుని నమిలి మింగేయాలి. ఉమ్మేస్తే చెల్లదు. అల్మాటీలో బస్సెక్కి బడికి వెళ్లిన ఆమె తరం వాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు కాగితం తిన్నవాళ్లే. రైఖాన్ మాత్రం తినలేదు. తన టికెట్‌ను ముప్పై ఒక్క ఏళ్లు దాచింది. ఈ రోజు తిందామని తీసింది.

పది గంటలకు ఆమె భర్త ఎర్సాయిన్‌కు గుండె ఆపరేషన్. కవాటం మార్చాలి. భయపడాల్సిందేమీ లేదని డాక్టరు మూడుసార్లు చెప్పాడు. ఒక్కసారి చెప్పి ఊరుకుంటే ఆమె నమ్మేదే. రాత్రంతా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చింది. పొద్దున్నే సైరాన్ జంక్షన్‌లో దిగాలి, ఆ టికెట్ ఏ చోట పుట్టిందో అదే చోట నిలబడి తినాలి, ఆ తర్వాతే ఆస్పత్రి బస్సెక్కాలి. ఇప్పుడు టైము ఎనిమిది నలభై. తొమ్మిదిన్నర దాటితే ఆయన్ని లోపలికి తీసుకుపోతారు. చేతిలో ఉన్నది చెల్లని టికెట్.

ఎప్పుడు మారింది? అదే ఆమెకు అంతుపట్టలేదు. కార్డు పెట్టుకునే తోలు పర్సులో, కార్డు వెనక అరలో ఉండేది టికెట్. రోజూ రెండుసార్లు బస్సులో కార్డు తాకించేటప్పుడు బొటనవేలితో ఆ అరను ఒకసారి తడిమేది. కాగితం అంచు తగిలితే చాలు, ఆ రోజుకి ధైర్యం. తీసి చదివి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తులేదు. దేవుడి పటాన్ని రోజూ తుడుస్తామా ఏంటి, ఉందిలే అనుకుంటాం.

దొంగ మాత్రం ఆమెకు వెంటనే తట్టింది. బిబినుర్. ఎర్సాయిన్ అక్క. తన కొడుకు ప్రవేశపరీక్ష రాసిన ఏడాది ఈ టికెట్ ఇమ్మని అడిగింది. రైఖాన్ ఇవ్వనంది. ఆ కోపంతో బిబినుర్ నౌరిజ్ పండక్కి కూడా ఈ గడప తొక్కలేదు. తర్వాత మాటలు కలిశాయి, రాకపోకలు మొదలయ్యాయి. పర్సు ఎక్కడ తగిలిస్తారో ఆమెకు తెలుసు. ఆ బిబినుర్ ఇప్పుడు పైన మాంసం కూరిన సంసాలు కాల్చే పొయ్యి దగ్గర ఎదురుచూస్తోంది, కలిసి ఆస్పత్రికి వెళ్దామని.

రైఖాన్ మెట్లెక్కింది. అడుగుల్లో వేగం పెరిగింది.

కొత్తగా వచ్చినవాళ్లు సైరాన్‌లో మొదట కనిపించిన దారిలో పైకొచ్చి రోడ్డుకి తప్పు ఒడ్డున తేలతారు. అక్కణ్ణుంచి మూడు సిగ్నళ్లు దాటాలి. రైఖాన్ కాళ్లకు ఆ కష్టం లేదు. మెట్రో ఆఖరి పెట్టె, ఎడమచేతి మెట్లు, సొరంగంలో రెండో మలుపు. మేజోళ్లు అమ్మే ముసలామెను దాటగానే కొండ వైపు తేలుతుంది. మెట్రో లేనప్పుడు కూడా ఆమె కాళ్లు ఈ నేల మీదే తిరిగాయి. ఇప్పుడు సంగీత పాఠశాలలో పిల్లల కోట్లు భద్రపరిచే ఉద్యోగం గానీ, ఒకప్పుడు ఆమె కరెంటు తీగల కింద నడిచే ట్రాలీబస్సు కండక్టరు. మెడలో టికెట్ల చుట్ట, నడుముకు సంచి, వేళ్లు తెగిన చేతి తొడుగులు. పొద్దుతిరుగుడు గింజలు పొట్లం కట్టి అమ్మే ఆమె, బరువు చూసే యంత్రం పెట్టుకుని కూర్చునే ఆయన, చెప్పులు కుట్టే అర్మేనియా తాత, అందరూ ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్లు. సాయంత్రమయ్యేసరికి స్టాపంతా చించి పారేసిన టికెట్లతో తెల్లబడిపోయేది. ఊడ్చే ఆమె తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. ఇప్పుడు కింద ఒక్క కాగితం లేదు. యంత్రం కీచుమంటుంది, అంతే. ఎవరికీ అంకెలు కూడే పని లేదు.

సంసా పొయ్యి దగ్గర బిబినుర్ ఒక చేతిలో ఫ్లాస్కు, ఇంకో చేతిలో గుడ్డలో చుట్టిన రొట్టె పట్టుకుని సైనికుడిలా నిలబడి ఉంది. అరవై ఆరేళ్లు. జనంలో కూడా ఆమె చుట్టూ మూరెడు ఖాళీ ఉంటుంది.

"వచ్చావా? ఏంటా మొహం? ఆపరేషన్‌కి ముందే వాణ్ణి భయపెట్టి చంపుతావా?"

రైఖాన్ పర్సు తెరిచి టికెట్ ఆమె కళ్ల ముందు పెట్టింది.

"వదినా, కోప్పడను, నిజం చెప్పండి. నా టికెట్ ఏం చేశారు?"

బిబినుర్‌కు విషయం అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఫ్లాస్కును సంసాలమ్మే బల్ల మీద నెమ్మదిగా పెట్టింది. అమ్మే మనిషి తన బల్ల కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"కాగితాలు తినడానికి నేనేమన్నా మేకనా? అవును, అడిగాను. ఇవ్వనన్నావు. మావాడు పరీక్ష రెండుసార్లు తప్పాడు, మూడోసారి గట్టెక్కాడు. నీ అదృష్టం నేను మింగుంటే వాడు రెండుసార్లు తప్పేవాడా? నువ్వే చెప్పు."

ఆ లెక్క రైఖాన్ కూడా ఒప్పుకోవాల్సిందే. పోలీసు వాడైనా ఒప్పుకునేవాడు. ఎవరూ తమ బిడ్డ రెండుసార్లు తప్పాలని టికెట్ తినరు.

బిబినుర్ అప్పటికే టికెట్ లాక్కుని వెలుతురులో పెట్టి చూస్తోంది. అంకెలు కూడి, ఒకటి ఎక్కువైందని తేల్చింది. ఒకటి తేడా ఉంటే అది కలుసుకునే టికెట్ కదా, దాన్ని తినరు, ఎవరినో కలిసేదాకా జేబులో పెట్టుకుంటారు అని తనలో తానే అనుకుంది. తర్వాత వెనక్కి ఇస్తూ, ఇంత పాతది ఆ దొంగకి ఎక్కడ దొరికిందే, నకలు కొట్టించాడా అని అడిగింది.

నకలు. ఆ మాట దగ్గర రైఖాన్ ఆగింది.

టికెట్ తీసుకుని ఈసారి భార్యలా కాదు, కండక్టర్‌లా చూసింది. అక్షరాల వరుస అదే. డిపో ముద్ర అదే, సగం పడింది. పై అంచు కుడివైపుకి ఏటవాలుగా చిరిగింది. ఆ చిరుగు ఆమెదే. ఎడమచేత్తో చుట్ట పట్టుకుని కుడిచేత్తో లాగే అలవాటు, డిపో అంతా వెక్కిరించేవాళ్లు. నకలు కాదు. ఇది ఆమె మెడలో వేలాడిన చుట్టలోంచే, ఆమె చేత్తోనే చిరిగింది. ఆరు తర్వాత వచ్చే ఏడు. ఆ సాయంత్రం, ఆ బస్సులో, ఆ టికెట్ తర్వాతి టికెట్. ఆ మాట పైకే అనేసింది.

"తర్వాతిది ఎవరికి చించావు?" అంది బిబినుర్.

ముప్పై ఒక్క ఏళ్ల కింద ఒక కండక్టరు ఎవరికి ఏ టికెట్ చించిందో ఎవరికి గుర్తుంటుంది? కానీ ఆ సాయంత్రాన్ని రైఖాన్ ఎన్నిసార్లు తలుచుకుందో లెక్కలేదు.

నవంబరు, వానతో కలిసి మంచు. కరెంటు పోయి ట్రాలీబస్సు సరిగ్గా ఈ స్టాపులోనే నిలిచిపోయింది. ఆ రోజుల్లో అది మామూలే. ఫ్రిజ్‌లు బాగుచేసే ఒకతను రోజూ పనిముట్ల పెట్టెతో వెనక తలుపు దగ్గర నిలబడేవాడు. చీకట్లో కూడా చిరునవ్వు కనిపించే మనిషి. పొద్దుటి నుంచి చుట్టలో ముందుకు చూసుకుంటూ ఆమె లెక్కపెడుతోంది. చివరికి తర్వాత చించాల్సింది 507426. అతని కన్నా ముందు ఇంకా ఇద్దరు ప్రయాణికులున్నారు. వాళ్లను చూడనట్టు దాటేసి, నేరుగా వెనక తలుపు దగ్గరికి వెళ్లి అతనికి చించి ఇచ్చింది. అతను అగ్గిపుల్ల గీసి, పెదాలు కదుపుతూ కూడాడు. తినలేదు. ఆమె అరచేతిలో తిరిగి పెట్టాడు.

ఈ రోజు నాకు కోరుకోవడానికి ఏమీ లేదు, దాచండి, నిజంగా అవసరం పడ్డ రోజు తిందాం అన్నాడు. తినండి అనలేదు. తిందాం అన్నాడు. ఆ ఒక్క మాటకే పెళ్లి కుదిరిపోయింది. మిగతాదంతా పెద్దవాళ్లు మాట్లాడుకున్న లాంఛనం.

అప్పుడే ముందు తలుపు దగ్గర టార్చిలైటు వెలిగింది. చెకింగ్ వాళ్లు. అతని చేతిలో టికెట్ లేదు. ఆమె గబగబా ఇంకొకటి చించి అతని కోటు జేబులో కుక్కింది.

రైఖాన్ మూసుకున్న కళ్లు తెరిచింది. బిబినుర్ ఆమె మొహం చూసి, ఫ్లాస్కు తీసుకుంది.

దొంగ ఇంట్లోనే దొరికాడు. అంతకన్నా పెద్ద భయం పట్టుకుంది. అదృష్టం ఎప్పుడో ఖర్చయిపోయింది. ఈ రోజుకి ఏమీ మిగల్లేదు.

ట్రాలీబస్సు వచ్చింది. కుర్రవాళ్లిద్దరు లేచి సీట్లిచ్చారు. రెండు స్టాపులు పైకెళ్లారో లేదో, మలుపులో బస్సు కుదుపుతో ఆగింది. పైన తీగ మీంచి బస్సు కొమ్ము జారింది. డ్రైవరు తొడుగులు వేసుకుని దిగి, వెనక తాడు పట్టుకుని, కొమ్మును తీగ మీదికి ఎక్కించడానికి తంటాలు పడుతున్నాడు. రైఖాన్‌కు ఆ పని కళ్లు మూసుకుని వచ్చు. దిగి తాడు లాక్కోవాలనిపించింది. ఎడమకు, ఇంకొంచెం ఎడమకు అని పెదాలు వాటంతటవే కదిలాయి. తొమ్మిదిన్నర అయింది. బిబినుర్ ఆమె మోచెయ్యి పట్టుకుంది. వదిన ఆమెను అలా పట్టుకోవడం ఆమెకు గుర్తున్నంతలో అదే మొదటిసారి.

ఆస్పత్రి మెట్లు ఎక్కేసరికి తొమ్మిది నలభై. నడవా చివర చక్రాల మంచం కదులుతోంది. రైఖాన్ పరిగెత్తింది. నర్సు ఒక్క నిమిషమే అని వేలు చూపించి పక్కకు తప్పుకుంది. తెల్ల దుప్పటి కింద ఎర్సాయిన్ చిన్నగా కనిపించాడు. కళ్లజోడు తీసేశారు.

ఆమె ధైర్యం చెప్పాలని వచ్చింది. దానికి బదులు టికెట్ తీసి అతని కళ్లకు దగ్గరగా పట్టుకుంది. అతను కళ్లు చికిలించి చదివాడు. ఒకసారి తలుపు వైపు, ఒకసారి అక్క వైపు చూశాడు. తప్పించుకునే దారి లేదు.

"నేనే తిన్నాను" అన్నాడు. "అక్కని అనుమానించావా? మేకనా అందా? అంటుందిలే. ఐదేళ్లయింది రైఖాన్. నీకు ఊపిరి ఆడక ఆస్పత్రిలో పడ్డావే, ఆ వేసవి. నన్ను గేటు దాటనివ్వలేదు. లాక్‌డౌన్, బస్సుల్లేవు, మెట్రో లేదు. నీ పర్సు నా దగ్గరే ఉంది. నడుచుకుంటూ సైరాన్ దాకా వెళ్లాను. ఒక్క మనిషి లేడు. ఆ జంక్షన్‌ని అలా నువ్వు చూడలేదు, చూడకపోవడమే మంచిది. మన స్టాపులో కూర్చుని తిన్నాను. తిందాం అన్నవాణ్ణి, ఒక్కణ్ణే తిన్నాను, అదే నా తప్పు. పాత కాగితం, చాలాసేపు నమిలాను, గొంతు దిగదు, తాగడానికి నీళ్లు లేవు. తర్వాత నువ్వు రోజూ వేలితో తడుముకుంటావు కదా అని, నా టికెట్ అందులో పెట్టాను. దాన్ని కోటు మారినప్పుడల్లా జేబులు మారుస్తూ దాచుకున్నాను, నీకు చెప్పలేదు. ఏడవకు. ఏం కోరుకున్నానో విను. నువ్వు బతకాలని కోరుకోలేదు. ఇంకో ఇరవయ్యేళ్లు నువ్వు నాతో పోట్లాడాలని కోరుకున్నాను. దానికి నేను కూడా ఉండాలి కదా. ఐదే అయ్యాయి, పదిహేను మిగిలాయి. కండక్టరువి, నువ్వే లెక్కేసుకో. ఆ టికెట్ మాత్రం తినకు. అది కలుసుకునేది. మధ్యాహ్నం దాకా జాగ్రత్తగా పెట్టు."