అయస్కాంతం అంటుకోని చోట

ఆదివారం పొద్దున్నే షెడ్డులో తుప్పు పొడి ఊడుస్తున్నాను. పెళ్లయిన ఈ మూడు నెలల్లో నాకు బాగా నచ్చిన పని ఇదే. ఇటుక రంగు పొడి మెత్తగా చేటలోకి చేరుతుంటే, యాభై ఏళ్ల కారు ముసలితనమంతా నా చేతుల మీదుగా వెళ్లిపోతున్నట్టుంటుంది. ఇది మామగారి కారు. మా ఊరు హిరోసాకిలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు దీన్ని తినేసింది. ఆయన పోయాక నా భర్త టకేహికో బాగుచేస్తున్నారు. కుళ్లిన రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేస్తారు. నేను దీపం పట్టుకుంటాను, గరుకు కాగితంతో రుద్దుతాను, నూనె మరకల బట్టలు ఉతుకుతాను, ఆఫీసు నుంచి వస్తూనే అన్నం ముద్దలు చుట్టి తెస్తాను. స్నేహితులొస్తే ఆయన నన్ను చూపించి "మా ఇంటి దీపస్తంభం" అంటారు. అందరితో పాటు నేనూ నవ్వుతాను. తలుపు పిడి రుద్దిరుద్ది అందులో నా ముఖం కనిపించిన రోజు, భోజనం మానేసి దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఇంకో గంటలో కొండదారిన పాత కార్ల మేళాకి వెళ్లాలి. మా మొదటి షికారు. ఫ్రిజ్ మీదుండే ఆపిల్ బొమ్మ అయస్కాంతాన్ని మాతో తీసుకెళ్దామని తెచ్చాను. కుడివైపు, ఆయన తలుపు కింద కారు పొడవునా ఉండే ఇనుప దూలానికి పెడితే టక్కున అతుక్కుంది. ఎడమవైపు, నా సీటు పక్కన పెట్టాను. జారి పడింది. మళ్లీ పెట్టాను. మళ్లీ పడింది. స్క్రూడ్రైవరు పిడితో కొట్టి చూశాను. కుడివైపు ఖంగుమంది. ఎడమవైపు పిండిముద్దను కొట్టినట్టుంది. నా సీటు బెల్టు బోల్టు బిగించిన చోటుదాకా అదే చప్పుడు.

ఇనుము కాదు. లప్పం. దాని మీద రంగు.

రెండు వారాల కిందట టకేహికో "ఎడమవైపుకి దీపం అక్కర్లేదు, నువ్వెళ్లి పడుకో" అన్నారు. ఎంత ప్రేమో అనుకుంటూ వెళ్లి పడుకున్నాను. ఇప్పుడు కొండదారి మలుపులు, కింద లోయ కళ్లముందు తిరిగాయి. కారు దేనికైనా తగిలితే నా బెల్టు బోల్టు ఆ లప్పంలోంచి ఊడొస్తుంది.

"అంటుకోవట్లేదా?"

వెనక అత్తగారు ఫుమీయే నిలబడి ఉంది. చేతిలో దిండు.

"మీ మామగారి రోజుల్లో అక్కడ బొక్కుండేదమ్మా. చెక్క పలక అడ్డం పెట్టుకుని, కాళ్లు పైకెత్తి కూర్చునేదాన్ని. పదకొండేళ్లు."

"మామయ్యగారితో చెప్పలేదా అత్తయ్యా?"

"చెప్పా. 'నడిపేది నేను, నువ్వు ఊరికే కూర్చోవడమే కదా' అన్నారు." దిండు నా చేతికిచ్చింది. "కాళ్ల కింద పెట్టుకో."

లప్పం కన్నా ఆ దిండుకే ఎక్కువ భయపడ్డాను. పదకొండేళ్లకి నేనూ ఇంకెవరికో ఇలాగే దిండు అందిస్తానేమో.

టకేహికో వచ్చి తాళం కారు మీద పెట్టి, చేతి తొడుగులు వేసుకుంటూ, "ఏం దీపస్తంభం, ఎక్కవా?" అన్నారు.

"ఎడమవైపు కొత్త రేకు వేశారా?"

"వేశానన్నాగా."

"అంతా?"

"చిజురూ, నువ్వు చదివింది సాహిత్యం. రేకుల సంగతి నాకొదిలెయ్. రాయిలా ఉంది."

"అయితే మంచిదే." తాళం తీసుకుని, వెళ్లి ఆయన సీట్లో కూర్చున్నాను. లోపల్నుంచి ఎడమ తలుపు తెరిచాను. "ఇవాళ నేను నడుపుతాను. మీరు నా చోట కూర్చోండి."

ఆయన నవ్వబోయారు. అంతలో ఎడమవైపు నేల మీద పడున్న ఆపిల్ బొమ్మ అయస్కాంతం ఆయనకి కనిపించింది. తలుపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డారు.

అత్తయ్య దిండు నా ఒళ్లోంచి తీసుకుని చంకన పెట్టుకుంది.

"ఎక్కు నాయనా," అంది. "ఊరికే కూర్చోవడమే కదా."

ఆయన కాలు లోపల పెట్టలేదు. నేను తాళం జేబులో వేసుకుని దిగాను.